చుక్క పడేదాకా

మా బాపు లారీ డ్రైవరు. బేతంచెర్ల నుంచి, దాని అవతలి క్వారీల నుంచి బండలు తెచ్చి ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో దింపేవాడు. ఇటు కొంగరకలాన్ దాకా చాలా ఇళ్లలో నేల మీద పరిచినవి ఆయన లారీలో వచ్చిన బండలే. ఆయన వెంట క్లీనరుగా తిరిగిన చాచాది మా వీధే. ఇద్దరూ పని మానేసి కొన్నేళ్లయింది. చాచా మాత్రం ఇప్పటికీ బాపును ఉస్తాద్ అనే పిలుస్తాడు.

ఒక ఆదివారం టీవీలో బెలుం గుహలు చూపిస్తుంటే బాపు చాయ్ చల్లారిపోయేదాకా చూశాడు.

"గీ తొవ్వల ఎన్నిసార్లు పోయినమో. బోర్డు కనవడేది," అన్నాడు.

"ఒక్కసారన్న లోపటికి పోలేదా బాపు?"

"లోడు బండి ఆడ నిలవెట్టి గుహలు చూడవోతరా బిడ్డా?"

ఆ మాటలో బాధేమీ లేదు. నాకే మనసు ఊరుకోలేదు. ఆదిభట్లలో నా ఆఫీసుకు సెలవు పెట్టి, వానాకాలం చివర్లో వాళ్లిద్దరినీ కారెక్కించాను.

నేను కారు నేర్చుకుని అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. పక్క సీట్లో బాపు, అక్కడ లేని బ్రేకును కుడికాలితో తొక్కుతూనే ఉన్నాడు. "ఉస్తాద్, జర పిల్లను నడపనియ్యి," అని వెనక నుంచి చాచా సర్దిచెప్పేవాడు. కర్నూలు దాటాక ఇద్దరికీ హుషారొచ్చింది. ఎక్కడ టైరు పేలింది, ఏ ధాబాలో పప్పు బాగుండేది, అన్నీ ఒకరికొకరు గుర్తుచేసుకున్నారు. గుహల దగ్గర నేను కారు వెనక్కి తీస్తుంటే చాచా గబుక్కున దిగి, డోరు మీద చేత్తో కొడుతూ "రానీ, రానీ" అన్నాడు. పాత అలవాటు.

మెట్లు దిగి లోపలికి వెళ్లేసరికి చెమటలు పట్టాయి. బాపు గోడ దగ్గర ఆగి రాయిని పరీక్షగా చూశాడు.

"ఇది మనం మోసిన రాయే కదా భాయ్," అన్నాడు.

"అవ్ ఉస్తాద్. అప్పుడు మన మీద బరువుండె. ఇప్పుడు మనం దీని కడుపుల ఉన్నం."

కొంత దూరం పోయాక గైడు ఒక మూల లైటు వేసి చూపించాడు. నేల మీద మోకాలెత్తున తెల్లటి రాయి, చిన్న పుట్టలాగా లేచి ఉంది. కొన తడిగా మెరుస్తోంది. దానికి సరిగ్గా పైన, కప్పు నుంచి ఇంకో రాయి వేలాడుతోంది.

"పైనుంచి నీటిచుక్క పడతాది. నీళ్లలో కరిగిన సున్నం కింద నిలిచిపోతాది. అట్లా చుక్క మీద చుక్క పడి, వేల ఏండ్లకు ఇది ఇంత లేచింది," అన్నాడు గైడు.

చాచా చెయ్యి చాపాడు.

"తాకొద్దు పెద్దాయనా. చేతి జిడ్డు అంటితే పెరిగేది ఆగిపోతాది."

చాచా రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. పైకొచ్చేదాకా విప్పలేదు.

"ఇప్పుడు గూడ పెరుగుతుందా?" బాపు అడిగాడు.

"పెరుగుతాది సార్. పైన చూడండి."

వేలాడే రాయి కొసన ఒక చుక్క ఊరుతోంది. గైడు అందరినీ తీసుకుని ముందుకు నడిచాడు. బాపు కదల్లేదు.

"పడేదాక చూసి వస్తం. మీరు నడువుండ్రి."

మాతోపాటు ఒక కొత్త జంట ఆగింది. తర్వాత చంకలో పిల్లను ఎత్తుకున్న ఒక ఆవిడ. కాసేపటికి గైడు మమ్మల్ని వెతుక్కుంటూ వెనక్కి వచ్చాడు. ఆయన వెనకే మిగతావాళ్లు. ఏమైందని ఎవరో అడిగితే బాపు వేలు పైకి చూపించాడు. అందరూ తలలెత్తి నిలబడ్డారు. చుక్క లావైంది, సాగింది, వణికింది, అయినా పడలేదు.

టప్పుమని వినిపించింది. నేను చూడనేలేదు. అప్పుడు బాపు ముఖం చూస్తున్నాను.

చాచా మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. కొత్త పెళ్లికూతురు చప్పట్లు కొట్టింది.

"అయితే ఇది ఇప్పుడు జర పెరిగింది," అన్నాడు బాపు.

"పెరిగింది ఉస్తాద్. మనం చూస్తుండంగనే."

డ్యూటీ నుంచి వచ్చినప్పుడు ఎట్లా జరిగిందని అమ్మ అడిగితే, "మంచిగనే" అని ఒక్క మాట చెప్పి పడుకునే మనిషి మా బాపు. గుహలు చూసి వచ్చిన మరునాడు పొద్దున మాత్రం చెప్తూనే ఉన్నాడు. చెంబులో వేళ్లు ముంచి, చుక్క ఎట్లా ఊరిందో, ఎట్లా సాగిందో వంటింటి నేల మీద చేసి చూపించాడు. అమ్మ గుడ్డ తెచ్చి తుడుస్తూ విన్నది. చివరికి గుడ్డ పక్కన పడేసింది.

"నువ్వు చెప్తే నాకేం సమజైతది? నన్ను గూడ తోల్కపో," అంది.

మరుసటి నెల చాచా భార్యతో కలిపి ఐదుగురం వెళ్లాం. వెనక సీట్లో అమ్మ, చాచీ, మధ్యలో ఇరుక్కుని చాచా. ఆ రాయి దగ్గర అమ్మ కొంగు నడుముకు దోపుకుని నిలబడింది. ఒక చుక్క పడ్డాక, ఇంకొకటి చూడాలంది. గైడు నవ్వి, మిగతా జనాన్ని తీసుకుని ముందుకు పోయాడు.

బయటికి వచ్చేసరికి అందరికీ ఆకలి దంచేస్తోంది. చాచీ తెచ్చిన బగారన్నం గిన్నె అక్కడే చెట్టు నీడలో మూత తీసి, అడుగు కనబడేదాకా తిన్నాం.