గీత పక్కన చోటు

సమాధుల మీద బిగించే ఇత్తడి పలకలపై పేర్లు, పుట్టిన, చనిపోయిన ఏడాదులు చెక్కడమే ఆయన పని. ఊళ్లో ఎవరు పోయినా ఏడుపులయ్యాక జనం ఆయన కొట్టుకే వచ్చేవారు. తను కూడా కన్నీళ్లు పెట్టుకుంటే అక్షరం వంకర పోతుందని విసుక్కునే మనిషి.

మంచాన పడ్డ భార్య, ఏదైనా రాసుకుంటానని డైరీ అడిగింది. కొని తెచ్చాడు గానీ, బోసి అట్ట చూస్తే ఆయనకు మనసొప్పలేదు. పలచటి ఇత్తడి రేకు కత్తిరించి, దాని మీద ఆమె పేరు, పేరు కింద పుట్టిన ఏడాది చెక్కాడు. రేకును అట్టకు అతికించి, అంచుల వెంట రాగితీగతో పూలు అల్లాడు. మురిసిపోతూ ఆమె చేతికిచ్చాడు.

ఆమె వేలితో పేరు తడిమింది, ఏడాది తడిమింది, అక్కడే ఆగిపోయింది.

"ఏడాది పక్కన ఈ గీతేంటయ్యా?"

గీత తర్వాత రేకు నున్నగా, ఖాళీగా ఉంది. ఆయన ముఖంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు.

"అలవాటైన చెయ్యి, పాడు చెయ్యి. ఇటివ్వు, దాని మీద ఓ పువ్వు అతికిస్తా."

"వద్దులే," అంటూ ఆమె డైరీని గుండెకు హత్తుకుంది. "పనికొచ్చే రేకు. తర్వాత ఊడదీస్తే వంగదు కదా?"

ఆయన చెయ్యి చాచి, అట్ట అంచున లేచిన రాగితీగ కొసను వేలితో నొక్కాడు.

"వంగదులే," అన్నాడు చివరికి.