విత్తనాలప్పటి పిల్లికూతలు

1968 జూన్‌లో నేను శ్రీకాకుళంలో చెవి, ముక్కు, గొంతు విభాగానికి అసిస్టెంట్ సర్జన్ని. డిప్లొమా చదువుతున్న ఇద్దరు డాక్టర్లను పిల్లల కేసుల్లో తర్ఫీదు కోసం ఆ నెలలోనే నాకు అప్పగించారు. భానుమూర్తి పాఠ్యపుస్తకాన్ని పేజీ నంబరుతో సహా అప్పజెప్పేవాడు. విమల అడిగినదానికే, అదీ రెండు మాటల్లో జవాబిచ్చేది. నేర్పడానికి నా దగ్గర చాలా సరుకుందన్న నమ్మకం నాకు దండిగా ఉండేది.

మొదటిరోజు పాఠం హిస్టరీ గురించి. పసిబిడ్డ తన బాధ తాను చెప్పలేదు కాబట్టి ఇంట్లోవాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది కేసు షీటులో ఎక్కించాలి. అడగడం వస్తే సగం వైద్యం అయినట్టేనని గొప్పగా సెలవిచ్చాను.

ఆ వారమే రాజాం దగ్గరి పల్లె నుంచి ఒక రైతు కుటుంబం రెండేళ్ల పాపను తీసుకొచ్చింది. తాత, నాయనమ్మ, తల్లి వెంట ఉన్నారు. ముందురోజు నుంచి ఆగని దగ్గు, పిల్లికూతలు. కుడి ఊపిరితిత్తిలోకి గాలి సరిగా వెళ్లడం లేదు. ఒక్కవైపే అలా ఉంటే గాలిగొట్టంలో ఏదో ఇరుక్కుందని అనుమానించాలి. గింజలాంటిదైతే ఎక్స్‌రేలో కనబడదు, పైగా తడికి ఉబ్బి దారి మూసేస్తుంది. మత్తిచ్చి, బ్రాంకోస్కోప్ అనే సన్నటి లోహపు గొట్టం నోట్లోంచి దింపి, పట్టకారుతో తీయాలి. మత్తు డాక్టరుగారు ససేమిరా అన్నారు. ఉబ్బసమైతే ఆ మత్తే బిడ్డ ప్రాణం తీస్తుంది, ఏదో నోట్లో పెట్టుకుందని ఇంట్లోవాళ్లు చెబితేనే ఇస్తానన్నారు. ఆయన మాటా కాదనడానికి లేదు.

భానుమూర్తి వెళ్లి పాప ఏం తిందని అడిగాడు.

"గంజన్నం తప్ప ఏటీ ఎట్టనేదు డాట్రు బాబూ," అంది నాయనమ్మ. తల్లి తలూపింది. మావాడు 'ఏమీ తినలేదు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ఉబ్బసమని తేల్చేశాడు.

నాయనమ్మ బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. విమల దాన్ని చూపించి, "వేరుశనగ విత్తనాలు ఒలిచిన వేలండీ," అంది. నేను నేరుగా అడిగాను, పాప ఆ గింజేమైనా నోట్లో పెట్టుకుందా అని. ముగ్గురూ తిట్టు తిన్నట్టు చూశారు.

"ఇత్తనం నోట్లో ఎట్టుకుంటామేటి బాబూ!" అంది నాయనమ్మ.

ఆ ఇళ్లలో విత్తులు వేసేదాకా విత్తనపు గింజను ఎవరూ కొరకరు. కొరికితే పంట పోతుందని నమ్మకం. పోతే ఆ నేరం బిడ్డను కనిపెట్టుకోని కోడలిది, కాయలు ఒలుస్తూ చూడని అత్తది. మేము రోగం గురించి అడుగుతున్నాం అనుకున్నాం. వాళ్లకు వినపడుతున్నది, ఈ ఏడు పంట పాడుచేసింది ఎవరని.

పాప పెదవులు నీలంగా మారుతున్నాయి. నాకు భయం వేసింది, భయంతోపాటు ఒళ్లు మండింది. "అయితే పక్కింటివాళ్ల గింజ తినుంటుందిలే!" అని వెటకారంగా అరిచాను.

"అవును బాబూ, పక్కింటోలిదే!" అత్తాకోడళ్లు ఒక్కసారే అన్నారు. తల్లి బావురుమంది. గింజ నోట్లో పెట్టుకుని నవ్వుతూ పడిందట, దగ్గు అప్పుడే మొదలైందట.

మత్తు డాక్టరుగారు ఇంకో ప్రశ్న వేయలేదు. గింజ బయటికొచ్చింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. అంత హాయైన ఏడుపు నా సర్వీసులో తక్కువగా విన్నాను.

తీసిన వస్తువును ఇంటివాళ్లకు చూపించడం రివాజు. ట్రేలోని గింజను తాత రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకు ఎత్తాడు. విత్తనాన్ని చూడగానే పోల్చుకునే రైతు. ఆడవాళ్లిద్దరూ నేల చూపులు చూస్తున్నారు.

"మనది కాదు. మన గింజ ఇంత సన్నంగా ఉండదు," అని ట్రేలో పడేసి, మనవరాలి తల నిమిరాడు.

తడికి ఉబ్బి ఇంచుమించు రెట్టింపైన గింజ అది.

నా వెటకారాన్ని భానుమూర్తి బోధనా పద్ధతిగా రాసుకున్నాడు. నేను కాదనలేదు, ఎందుకంటే పద్ధతి అదే. సొంత నేరం ఒప్పుకోవడానికి ఎవరూ ఆసుపత్రికి రారు. తర్వాత తర్ఫీదుకు వచ్చినవాళ్లందరికీ మొదటిరోజు పాఠం మార్చి చెప్పాను: ఆ ఇంట్లో ఎవరి తలా వంగకుండా జవాబు చెప్పే దారి ముందు చూపించండి, ప్రశ్న ఆ తర్వాత అడగండి.