మన్ను అంటని వీపు

మొన్న జమ్మలమడుగులో కుస్తీ గోదా తవ్వుతాంటే, నూనె కలిపిన మన్ను వాసనకు నిలబడిపోయినా.

ప్రొద్దుటూరులో మా బడి కుస్తీ జట్టులో అందరికంటే బక్కోణ్ణి నేనే. "నీ తూకానికి జత ఎవరూ లేరప్పా, ఈడ కూచో" అనేవాడు సారు. రోజూ అందరి పట్లూ చూసి ఇంటికి పోతాంటి. నీళ్లు పోస్తా మా అమ్మ నా వీపు తడిమి మురిసిపోయేది. "నా కొడుకు వీపు నేలకు తగిలిచ్చినోడే లేడు!"

ఒకరోజు అందరూ పోయినాక, నన్నూ ఎవరో పట్టి పడేసినట్టు, ఆ గోదాలో వెల్లకిలా పడి పొర్లినా. ఇంటికాడ అమ్మ ఆ మన్ను కడుగుతా, "ఎవుర్రా నిన్ను పడేసింది?" అని దిగులుగా అడిగింది.

చెప్పడానికి నాకు ఒక్క పేరు కూడా లేకపాయ.