ఆశ పంచే కార్డులు

ఆశ అబద్ధం చెప్పలేదట. వాళ్లమ్మ తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దలేదట, అంతేనట! పదేళ్లుగా ఇదే వాదన. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఆశ మా పెద్దమ్మ లక్ష్మవ్వ కూతురు, తల్లిని అవ్వా అని పిలుస్తుంది. బోధన్‌లో పుట్టింది, నిజామాబాద్‌లో హోటల్ పని నేర్చుకుంది, గోవాలో పడవ మీద నడిచే ఒక జూదశాలలో చేరింది. ఆడేవాళ్లకు పేకముక్కలు పంచడం ఆమె పని. ఏటా నవంబరులో అక్కడ పోకర్ అనే పేకాటలో అంతర్జాతీయ పోటీ పెడతారు. మొదటి ఏడాది ఆరు బల్లలు, యాభై మంది. అంతర్జాతీయం అనిపించుకోవడానికి ఇద్దరు నేపాలీలు, సెలవుకొచ్చిన ఒక రష్యావాడు! నాలుగో ఏటికి ఇరవై దేశాలవాళ్లు వచ్చారు. కరోనా ఏడు ఆగింది. తర్వాత పడవ చాలక ఇంకో పెద్ద పడవ తెచ్చారు.

ఆ మొదటి ఏడే పెద్దమ్మ ఫోన్లో అడిగింది, ఏం పని బిడ్డా అని.

"దేశదేశాలోళ్లు వస్తరవ్వా. నేను కార్డులు పంచుత."

"వాగ్దాన కార్డులా? దేవునికి స్తోత్రం!"

మా చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక్కొక్కరికి ఒక వాక్యం రాసిన కార్డు ఇస్తారు. పెద్దమ్మకు తెలిసిన కార్డులు అవే. ఆశ "ఊఁ" అని ఊరుకుంది. ఎందుకంటే ఆ ఇంట్లో పత్తాలనే మాటే, అదే పేకముక్కల మాటే, ఎత్తకూడదు. ఆశ తండ్రి, మా పేతురు పెద్దనాన్న, చెరుకు బండి తోలేవాడు. చక్కెర ఫ్యాక్టరీ ముందు వరసలో బండి ఆపి, పత్తాలు పట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి బండితో పోయి కాలినడకన వచ్చాడు. ఎడ్లు కూడా పందెంలో పోయాయి.

అప్పటినుంచి ప్రతి నవంబరులో మా స్త్రీల సమాజం, అవి సువార్త సభలనుకుని, "ఆశ సభల" కోసం ఉపవాసం ఉంటుంది. అన్నీ తెలిసిన నేను కూడా వాళ్ల మధ్య కూర్చుని ఆమెన్ అంటాను. సిగ్గుండాలి నాకు!

ఈ అక్టోబరులో ఆశ ఇంటికొచ్చింది. ఇది పదో పోటీ. గెలుపెవరిదో తేలే చివరి బల్ల మీద పంచేది ఈసారి తనే. ఆఖరి రోజు కార్డులు పంచేది బిడ్డేనన్న మాట చెవిన పడగానే పెద్దమ్మ పాస్టరుగారి దగ్గరికి పరుగెత్తింది. ఆదివారం చర్చిలో ఆశ లేచి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలని ఖాయం చేసుకుని వచ్చింది.

శనివారం పొద్దున ఆశ మా ఇంటికొచ్చింది.

"అక్కా, రేపటి సాక్ష్యం ఏదన్న జెప్పి నువ్వే ఆపు."

"పదేండ్లు బెల్లం గొట్టిన రాయి తీరు కూసున్నవ్. ఇప్పుడు నేను ఆపాల్నా?"

"నిజం దెలిస్తే అవ్వ నా మొఖం సూడది."

"మరి చర్చిల నిలవడి అబద్ధం జెప్తవా?"

ఏడ్చింది. నాకూ భయంగానే ఉంది.

ఆదివారం పాస్టరుగారు పేరు పిలిచారు. పెద్దమ్మ ముందు వరసలో కొత్త చీర కట్టుకుని, వెనక్కి తిరిగి అందరినీ చూసి నవ్వుతోంది. ఆశ లేచింది. నేను బెంచీ అంచు పట్టుకున్నాను.

"అవ్వా, నేను పంచేటివి వాగ్దాన కార్డులు గావు. పత్తాలు."

పాస్టరుగారు గబగబా పాట అందుకున్నారు. పెద్దమ్మ లేచి, ఎవరినీ చూడకుండా బయటికి నడిచింది. పడిపోతుందేమోనని వెనకే ఉరికాం. మెట్ల దగ్గర ఆగింది.

"నువ్వు ఆడుతవా?"

"ఆడనవ్వా. ఒట్టిగ పంచుత."

"పంచెటోళ్లు లేకుంటె ఆడుడెట్ల?"

పెద్దమ్మ చెప్పులు వెతుక్కుంటూనే మళ్లీ అడిగింది.

"ఈ ఏడు ఎందరొస్తున్నరు?"

"తొమ్మిది వందల మంది." ఆ మాట ఆశ నోటి నుంచి కాస్త గొప్పగానే వచ్చింది. అలవాటు మరి.

పెద్దమ్మ మెట్టు మీద కూలబడింది.

"అయ్యో దేవా! తొమ్మిది వందల మంది పెండ్లాలా?"

మేమిద్దరం చెరో పక్కన కూర్చున్నాం. ఆమే కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"ఈ నవంబర్ల గూడ ఉపాసముంటం. ఆ ఆడోళ్ల కోసం. నీ ప్రార్థన నువ్వే జేసుకో, బిడ్డా."