ముందు నోరు తెరిచింది నాగరత్నే

గ్యాస్ సిలిండర్ తెచ్చే మనిషితో మా వీధి నాగరత్న పెట్టుకున్న జగడం నేను కళ్లారా చూశాను. మా లైన్ ఇళ్లలో జగడాలకు కొదవ లేదు. బంగారు గని నడిచిన రోజుల్లో గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్లు. ఒకరింట్లో తుమ్మితే పక్కింట్లో చిరంజీవ అంటారు. కానీ గొంతు పెంచకుండా గెలిచిన జగడం, నా డెబ్బై మూడేళ్లలో అదొక్కటే చూశాను.

ఆ మనిషి సిలిండర్ ఇవ్వకుండానే, ఇంటికి తాళం వేసి ఉందని ఫోన్‌లో మెసేజ్ కొట్టి పంపించేశాడు. మర్నాడు సాయంత్రం మా వీధిలోకి వస్తే నాగరత్న బండికి అడ్డంగా నిలబడింది.

"నిన్న మా ఇంటికి వచ్చినావాప్పా?"

"వచ్చినాను మేడం. తాళం ఏసి ఉన్నింది."

"ఎన్ని గంటలకు?"

"పదకొండు కాడ."

"తలుపు తట్టినావా?"

"మూడుసార్లు తట్టినాను. చెయ్యి నొప్పి పుట్టింది."

"అంతసేపు తట్టినావు కదా. తలుపు ఏ రంగుదప్పా?"

అతను ఒక క్షణం ఆలోచించాడు. "నీలం."

"మా తలుపు చెదలు తినేసిందని ఆదివారమే పీకి వడ్రంగి ఇంటికి పంపించినాము. నాలుగు దినాలుగా వాకిలికి దుప్పటి కట్టుకొని ఉండాము. దుప్పటికి తాళం యాడ ఏసినారో రా, చూపించు."

లైన్ లైనంతా నవ్వింది. అతను సిలిండర్ భుజానికెత్తుకొని, దుప్పటి తప్పించుకొని లోపలికి పోయి, పొయ్యికి తగిలించి, మంట కూడా వెలిగించి చూపించి పోయాడు.

"ఒక్క తిట్టయినా తిట్టకుండా ఒదిలేస్తివే!" అన్నాను నేను. నాకు కడుపు నిండలేదు.

"తిడితే నేను తిట్టింది ఊరంతా చెప్పుకుంటాడు పెద్దమ్మా. తలుపు సంగతి అయితే యాడా చెప్పుకోలేడు."

నాగరత్న అంటే అదీ. ఇక రాస్తున్న నా పేరు గంగమ్మ. మా నాయన చిత్తూరు వైపు నుంచి గని పనికి వచ్చినవాడు. నన్ను మూడో తరగతితో మాన్పించేశారు. అక్షరం అక్షరం కూడబలుక్కొని రాస్తున్నాను. తప్పులుంటే చదివేవాళ్లే దిద్దుకోండి, నాకు తీరిక లేదు.

నాగరత్నకు బంగారుపేట దగ్గర బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ పని. పొద్దున ఆరున్నరకు ఫ్యాక్టరీ బస్సు. రోజంతా నిలబడి చొక్కాలు తిరగేయాలి. కుట్టు జారిందా, గుండీ వంకరగా ఉందా, దారం వేలాడుతోందా అని చూసి, తప్పున్న చోట ఎర్ర స్టిక్కర్ అంటించి వెనక్కి పంపాలి. పన్నెండేళ్లుగా అదే పని కావడంతో ఆ కళ్లకు ఇంక తప్పులు తప్ప వేరేవి కనిపించవు. మా మనవరాలి పెళ్లికి వచ్చి, నేను తలంబ్రాలు అందిస్తుంటే వెనక నుంచి నా జాకెట్ దారం లాగి, "పెద్దమ్మా, టైలర్ నిన్ను మోసం చేసినాడు" అని చెవిలో చెప్పింది.

ఇలాంటి కంటికి ఆదివారం సెలవిస్తే ఊరుకుంటుందా? బెంగళూరులో ఉండే నాగరత్న చిన్నాన్న కొడుకు మునేష్ ఒక కంపెనీ సంగతి చెప్పాడు. మామూలు గిరాకీలాగా అంగడికి పోవాలి. కొనాలి, తినాలి. అక్కడివాళ్లు ఎలా మాట్లాడారు, బిల్లు ఇచ్చారా, నేల తుడిచారా, అన్నీ చూడాలి. వచ్చిన పని ఎవరికీ తెలియకుండా బయటపడి, ఆ రోజే ఫోన్‌లో ఫారం నింపాలి. దాన్ని మిస్టరీ షాపింగ్ అంటారట. ఇంకా వింత ఏమిటంటే, అంగడి యజమానే ఆ కంపెనీకి చెప్పి తన అంగడి మీదికి గూఢచారిని పంపించుకుంటాడట.

"తప్పులు చెప్పేదానికి దుడ్డిస్తారా? నేను ఇన్నేండ్లుగా ఊరంతటికీ దుడ్డు లేకుండా సుమ్మనే చెప్తా ఉండానే!" అన్నాను.

"నువ్వు వాళ్ల ముందరే చెప్తావు పెద్దమ్మా. దానికి దుడ్డు రాదు, తిట్లు వస్తాయి."

మొదట్లో మొగుడు మోహన్‌ను కూడా వెంట తీసుకుపోయేది. ఒక బేకరీలో బల్ల తుడిచే మనిషితో మోహన్ ప్రేమగా, "బాగా తుడువప్పా, మా ఇంటామె రాసుకుంటుంది" అన్నాడు. అంతే, ఆ విజిట్ రద్దయింది. అప్పటి నుంచి మోహన్ ఆదివారాలు అంగడి బయట స్కూటర్ మీద కూర్చొని ఉంటాడు, గుడి బయట చెప్పులు కాచేవాడిలాగా.

అంగడిలో పెన్నూ కాగితం తీయకూడదు కదా. అందుకు నాగరత్న చున్నీకి ముడులు వేసేది. కుడి కొసకు మంచి, ఎడమ కొసకు చెడ్డ. ఒక ఆదివారం అలసిపోయి వచ్చి, చున్నీ నా మంచం మీద వేసి మొహం కడుక్కోవడానికి పోయింది. చూస్తే ఎడమ కొసకు తొమ్మిది ముడులు. ఈ పిల్లకు ఎవరో ఏదో చేయించారనుకున్నాను. తొమ్మిది ముడులూ విప్పి, ఉప్పూ మిరపకాయలూ చున్నీ చుట్టూ తిప్పి పొయ్యిలో వేశాను. ఆ ఘాటుకు దగ్గుతూ నాగరత్న పరిగెత్తుకొచ్చింది.

"పెద్దమ్మా! అది చీరలంగడి!"

"ఏమే?"

"తొమ్మిది తప్పులు పట్టుకొస్తే దిష్టి తీసి పారేస్తివే!"

నోటికొచ్చింది రాసి పంపించేయమన్నాను. వినలేదు. గుర్తు లేనిది రాయనని ఆ విజిట్ వదులుకుంది. ఆ చీరలంగడివాళ్లు ఈనాటికీ నా చలవతోనే బతుకుతున్నారు.

ఫ్యాక్టరీలో గేటు దగ్గరే ఫోన్లు పెట్టించుకుంటారు. ఆదివారం కూడా ఓవర్‌టైం పడితే సాయంత్రం బస్సు దిగి అటు నుంచి అటే అంగడికి పోయి, ఇంటికి నడుస్తూనే ఫారం నింపేది. రెండు పనులూ తలలో కలిసిపోయాయి. సూపర్‌వైజర్ ఓబలప్ప ఒకరోజు, "ఏమమ్మా, నన్ను అట్ల చూస్తా ఉండావు?" అన్నాడట. "నాలుగు" అనేసిందట. ఆయన ఎన్నింటికి నాలుగు మార్కులని అడగలేదు. అడిగుంటే ఉద్యోగం పోయేది.

ఇదంతా నవ్వుకునే సంగతి. నవ్వురానిది ఆంథోనీ సంగతి.

రాబర్ట్‌సన్‌పేటలో ఒక చెప్పుల షోరూమ్‌లో ఆంథోనీ ఇరవై ఏళ్లకు పైగా పని చేస్తున్నాడు. గని మూసేనాటికి ముప్పై దాటినవాడు. తలమీది హెల్మెట్ దింపి చేత్తో చెప్పులు పట్టుకున్నాడు. కాలు చూస్తే చాలు, సైజు చెప్పేస్తాడు. నా ఎడమ కాలి బొటనవేలు వంకరని మా ఇంట్లోవాళ్లకు తెలియదు, ఆంథోనీకి తెలుసు. పాత యజమాని పోయాక కొడుకు వచ్చాడు. అంగడిని బెంగళూరులాగా చేస్తాడట. ఈ నెలలో రెండుసార్లు రహస్యంగా తనిఖీ చేయిస్తానని, రెండుసార్లూ తప్పిన సేల్స్‌మన్‌ను ఇంటికి పంపిస్తానని అందరి ముందరే చెప్పాడు. ఆంథోనీకి యాభై ఏడు. ఈ వయసులో ఇంటికి పంపిస్తే మళ్లీ ఎవరు పిలుస్తారు?

మొదటి తనిఖీ మన నాగరత్నకే పడింది. ఆంథోనీ స్టూల్ వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు, ఆరు జతలు విసుగు లేకుండా చూపించాడు, బిల్లు ఇచ్చాడు. కానీ ఫారంలో మొదటి ప్రశ్న: లోపలికి వచ్చిన అర నిమిషంలో సేల్స్‌మన్ తానే ముందుగా నమస్కారం చెప్పాడా? లేదు. ఆ ఒక్కటి తప్పినా, మిగతావి ఎన్ని బాగున్నా తప్పినట్టేనట. ఉన్నది ఉన్నట్టు నింపి పంపించింది. పంపించాక రెండు రోజులు అన్నం సయించలేదు.

మంగళవారం ఫ్యాక్టరీ బస్సు దిగి, భుజాన బ్యాగుతోనే మా ఇంట్లోకి వచ్చింది.

"తప్పు ఆయప్పది కాదు పెద్దమ్మా. నాది."

"నువ్వేం చేస్తివే?"

"గడప తొక్కేటప్పుడే నోరు తెరిచేసినాను. ఏమన్నా బాగుండావా, నాన్సీకి కాన్పయిందా అని. ఇంగ ఆయప్ప ముందుగా నమస్కారం యాడ చెప్పేది? కూతురికి మగబిడ్డ పుట్టినాడని చెప్పల్ల కదా! పొద్దున ఒక చొక్కా పట్టుకొని ఉండంగా తోచింది. పన్నెండేండ్లుగా ఊరోళ్ల తప్పులు చూస్తా ఉండాను. నాది నాకు కనపడలే."

నేనూ ఆలోచించాను. మా ఊళ్లో అంగడివాడు పలకరించేదాకా ఆగేవాళ్లు ఎవరు? వీధిలో నుంచే కేక వేస్తాము. నోరు మూసుకొని లోపలికి పోతే వీళ్లింట్లో ఎవరో పోయారనుకుంటారు. ఇన్నేళ్లలో ఆంథోనీకి ముందుగా నమస్కారం చెప్పే సందు ఒక్కరూ ఇచ్చి ఉండరు. నేనైతే అసలే ఇవ్వలేదు.

కంపెనీకి ఆ మాటే రాసిందట. ఫారం మార్చడానికి కుదరదు, రెండోసారి వేరే మనిషి పోవాలి, వయసైన ఆడమనిషి అయితే మంచిది, తెలిసినవాళ్లుంటే పేరు ఇవ్వమన్నారట. నా పేరు ఇచ్చేసింది! మర్నాడు ఒక పిల్ల ఫోన్ చేసి, ఫారం అక్కర్లేదు, చూసింది చూసినట్టు ఫోన్‌లో చెబితే చాలంది. నిజమే చెబుతారు కదా అని అడిగింది. నిజం చెప్పే ఇంతమందితో మాటలు లేకుండా చేసుకున్నానని చెప్పాను.

సాయంత్రం నాగరత్న వచ్చాక అడిగాను. "ఇంత తిప్పలు ఎందుకే? ముందుగా నమస్కారం చెప్పప్పా అని ఆంథోనీ చెవిలో ఏస్తే పోలేదా?"

వేలాడే దారాన్ని చూసినట్టు చూసింది నన్ను. "మావోళ్ల చొక్కా అని ఒక్కదాన్నైనా స్టిక్కర్ ఏయకుండా ఒదిలినానా? చెప్తే అది తనిఖీ కాదు, నాటకం."

"మరి ఆయప్ప చెప్పకపోతే?"

బ్యాగు జిప్పు తీసింది, వేసింది. "చెప్పలేదనే చెప్పు. నేను అబద్ధం అడగడం లే."

"ఇంగ నన్నేం చేయమంటావు?"

నాగరత్న నా మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పించే గొంతుతో, వేళ్లు మడుస్తూ చెప్పింది.

"ఆదివారం పది గంటలకు పో. గడప దాటి లోపల నిలబడు. ఆంథోనీ అన్న నిన్ను చూసినంక లోపల్లోపలే ముప్పై దాకా లెక్కపెట్టు. అంతసేపూ నోరు తెరవగూడదు. నాన్సీ బిడ్డ గురించి అడగొద్దు. ఫ్యాన్ మీద దుమ్ముందని చెప్పొద్దు. ఆయన బక్కగా అయినాడని అనొద్దు. ఒక్కసారి ఆయప్పను ముందు మాట్లాడనీ. నీ కాళ్లు పట్టుకుంటాను పెద్దమ్మా, ముప్పై దాకా."