పొగ రాని జనరేటర్

జనరేటర్ కొనేవాళ్లు దాని మోత వింటారు, పెట్రోలు ఎంత తాగుతుందో అడుగుతారు. రోశమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని పోయింది. ఓబులయ్య దగ్గితే అది వద్దు, దగ్గకపోతే కావాలి. అంతే ఆమె లెక్క.

నవ్వేవాళ్లు నవ్వారు. వాళ్లదేం పోయింది? మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లు రాయి కోసినవాడు ఓబులయ్య. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ఇప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ ఆడుతూ ఉండాల్సిందే. అది లేకుండా గంటసేపు కదలకుండా కూర్చోగలడు, ఆపైన గోళ్లు నీలమవుతాయి. పోయిన నెల గాలివానకు కరెంటు పోయి సగం రోజు రాలేదు. ఇంట్లో ఇన్వర్టర్ రెండు గంటలకే చేతులెత్తేసింది. ఆటోలో ఆస్పత్రికి చేర్చేసరికి మనిషి మనిషిలో లేడు.

అప్పట్నుంచి దుకాణాలు తిరిగి తిరిగి రోశమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. ఎక్కడికి పోయినా ఫ్యాన్లెన్ని, ఏసీ ఉందా అనే అడుగుతారు. పొగ మాటెత్తితే ఒక్కడికీ చెవులు వినబడవు. ఇంటి పైన రేకులు, వెనక రెండు బారల జాగా. మంచం పక్క కిటికీ అటే తెరుచుకుంటుంది. జనరేటర్ పెడితే అక్కడే పెట్టాలి.

అందుకే నాలుగో దుకాణం ముందు కుర్చీ వేయించి ఓబులయ్యను కూర్చోబెట్టింది. జనరేటర్‌ను సరిగ్గా రెండు బారల దూరంలో పెట్టించింది.

"ఇదేంది పెద్దమ్మా, పెద్దాయన్ని ఎండలో తెచ్చినావు?" అన్నాడు దుకాణం యజమాని సాయిరాఘవ.

"పీల్చేది ఆయన నాయనా, నేనా?"

మొదటిది స్టార్ట్ చేయగానే ఓబులయ్య వంగిపోయి దగ్గాడు. రెండోదానికీ అంతే. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అని రోశమ్మ గొణుక్కుంది. సాయిరాఘవకూ విసుగొచ్చింది.

"పొగ రాని జనరేటర్ ఇంకా పుట్టలేదు పెద్దమ్మా. ఇంటికి దూరంగా పెట్టుకోవాల."

"దూరం యాడుంది నాయనా మాకు? అందరూ ఇదే చెప్తారు. ఉన్న జాగాలో ఎట్ల పెట్టాల్నో చెప్పేటోడే లేడు."

మూడోది ఆన్ చేశారు. ఓబులయ్య దగ్గలేదు. బాగుందని చేత్తో సైగ చేశాడు. సాయిరాఘవ గబగబా బిల్లు పుస్తకం తీశాడు. ఈ నెల రోజుల్లో మొదటిసారి రోశమ్మ మనసు కాస్త కుదుటపడింది. ఇదే ఎత్తించమని చెప్పబోతూ మొగుడి వైపు తిరిగింది.

అతని చొక్కా కదలడం లేదు. పెదాలు బిగిసి ఉన్నాయి, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. పెళ్లాం తిరుగుడు ఇక్కడితో ఆగితే చాలని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు మహానుభావుడు.

రోశమ్మకు కోపం నషాళానికెక్కింది, వెంటనే ఏడుపొచ్చింది. "ఆపు నాయనా దాన్ని" అని, కుర్చీ ముందు కూలబడి అతని గుండెల మీద చెయ్యి వేసింది.

"ఇంకా పది దుకాణాలు తిరుగుతా, నీకేంది? ముందు నువ్వు ఊపిరి పీల్చు."