కాణిపాకం దారిలో మలేషియా టీచరు

మోకాళ్ల నొప్పి తగ్గితే కాణిపాకం వస్తానని అమ్మ మొక్కుకుంది. నొప్పి కాస్త తగ్గినా బస్సులో రెండు గంటలు కూర్చోలేని స్థితి కాబట్టి, ఎనభైల మొదట్లో ఓ ఆదివారం తిరుపతి నుంచి టాక్సీ మాట్లాడాను. రానూపోనూ నూట ఎనభై. బడి టీచరునైన నాకు అది తక్కువేం కాదు. తీరా ఉదయం ఆరింటికి అమ్మతో స్టాండుకు వెళ్తే డ్రైవరు నసిగాడు.

"ఆయమ్మ మలేషియా నుంచి వచ్చిండాది మేడమ్. మూడొందలిస్తానంటాది. నేనేం జేసేది?"

కారులో కూర్చున్నావిడ ఈ మాట విని, "మీరూ రండి, చోటుంది. డబ్బేం వద్దు" అంది. అమ్మ కోసం ఎక్కాను.

ఆమె పేరు సరోజ. నా వయసే, నాలాగే టీచరు. తాతల కాలంలో రబ్బరు తోటలకు వెళ్లిన కుటుంబం. రెండేళ్లకోసారి ఇక్కడికి వస్తుందట.

"విమానం టికెట్టే భారం. దిగి డబ్బు మార్చుకుంటే ఇక్కడ అన్నీ చవకే. మీ రూపాయి విలువ తగ్గినప్పుడల్లా మా ఊళ్లో ఇంకో నలుగురు బయల్దేరతారు. మీరెప్పుడొస్తారు మా దేశం?"

చంద్రగిరి దాటకముందే నాలో కుళ్లు మొదలైంది. ఇద్దరం చేసేది ఒకే పని. నా ఏడాది జీతం టికెట్టుకు చాలదు, పైగా విదేశీ డబ్బు కావాలంటే ప్రభుత్వ అనుమతులు. "చూద్దాం" అన్నాను. పూతలపట్టులో ఇడ్లీ తిన్నాక ఎంతయిందో చూడకుండానే ఆమె డబ్బిచ్చేసింది. అదీ నచ్చలేదు నాకు.

పదింటికి దర్శనమైంది. గుడి బయట ఇత్తడి కొట్లో సరోజ దీపపు కుందులు చూసింది. జత తొంభై అన్నాడు కొట్టాయన. నలభై అయిదుకు మించదని నాకు తెలుసు.

"సరైన ధరేనా అక్కా?" అని నన్నే అడిగింది.

"నాకు తెలీదు" అన్నాను.

నాలుగు జతలు తీసుకుంది. వెంటనే అమ్మ ఒక జత చేతిలోకి తీసుకుని, "నలభైకి ఇయ్యప్పా" అంది.

"యాడమ్మా! ఇప్పుడే ఆయమ్మ తొంభైకి తీసుకునిందే, సూసినావు కదా."

అమ్మ కుందులు మెల్లగా కింద పెట్టేసింది. సరోజ తన సంచిలోంచి ఒక జత తీసి అమ్మ చేతుల్లో పెట్టింది. అమ్మ ముఖం వెలిగిపోయింది. నేను తల తిప్పుకున్నాను.

తిరుగు దారిలో ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఆమె డబ్బు ఎక్కువ పలకడం ఆమె తప్పు కాదు. కానీ అక్కడ ధర పెరిగింది ఆమె డబ్బు వల్లనే కాదు, తెలిసిన ధర నేను చెప్పనందువల్ల కూడా. ఆ కుందులు ఇప్పటికీ మా ఇంట్లో వెలుగుతున్నాయి. వాటిని తోమేది నేనే.

కాణిపాకం వెళ్లేవాళ్లకు ఒక్క మాట: కొనేముందు నాలుగు కొట్లలో అడగండి. మీకు తెలిసిన ధర పక్కనున్న పరాయి మనిషికీ చెప్పండి.